బ్యాకప్ ఉంది సరే... తిరిగొస్తుందా?

ఎవరిదైనా ఫోన్ పోయిందని తెలియగానే మనం అడిగే మొదటి ప్రశ్న ‘బ్యాకప్ ఉందా?’ అని. ఉందంటే ‘హమ్మయ్య’ అనుకుంటాం. కానీ అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ‘ఆ బ్యాకప్‌ని ఎప్పుడైనా వెనక్కి తెచ్చి చూశావా?’ అని అడిగి చూడండి. చాలామంది దగ్గర జవాబుండదు.

నా ఉద్యోగం ఈ రెండో ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆ మాట అనగానే చుట్టాలు ‘ఏఐనా అమ్మా?’ అంటారు. కాదు. నేను చూసుకునేది ఒక పాతకాలపు సర్వర్ కుటుంబాన్ని. ఆ పని నేర్పిన పాఠం మాత్రం చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొచ్చేదే.

నాకంటే పదేళ్లు పెద్దది

ఐబీఎం కంపెనీ 1988 జూన్‌లో ఏఎస్/400 అనే మెషిన్‌ని మార్కెట్లోకి తెచ్చింది. దాని పుట్టిల్లు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రాచెస్టర్. పెద్ద పెద్ద బ్యాంకులు వాడే మెయిన్‌ఫ్రేమ్ కంటే చిన్నది, మన టేబుల్ మీది పీసీ కంటే పెద్దది. అందుకే ‘మిడ్‌రేంజ్’ అన్నారు. తర్వాత ఐసిరీస్ అని, సిస్టమ్ ఐ అని పేర్లు మార్చారు. 2008 నుంచి దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ని ‘ఐబీఎం ఐ’ అంటున్నారు. పేర్లు మారినా, లోపలి సామాను మొత్తం మారినా, 30 ఏళ్ల కింద రాసిన ప్రోగ్రాములు ఇవాళ్టి మెషిన్ మీద కూడా నడుస్తాయి. గోడౌన్లు, ఫ్యాక్టరీలు, బీమా కంపెనీలు దీన్ని వదలకపోవడానికి అదే కారణం.

ఇంజినీరింగ్ అయ్యాక కంపెనీలో చేరగానే నన్ను ఈ ట్రైనింగ్‌లో వేశారు. నల్లటి స్క్రీన్, ఆకుపచ్చ అక్షరాలు. 24 వరసలు, వరసకి 80 అక్షరాలు. మౌస్‌తో పెద్దగా పనిలేదు. ‘ఆర్‌పీజీ నేర్చుకుంటున్నా’ అంటే మా తమ్ముడు ‘ఆఫీసులో గేములాడిస్తారా అక్కా?’ అన్నాడు. రోల్ ప్లేయింగ్ గేమ్ కాదురా, రిపోర్ట్ ప్రోగ్రామ్ జనరేటర్ అని చెప్పేసరికి వాడి ముఖంలో వెలుగంతా పోయింది. నిజం చెప్పాలంటే నాదీ అదే పరిస్థితి. ఫ్రెండ్స్ లింక్డ్‌ఇన్‌లో కొత్త కొత్త టెక్నాలజీల పేర్లు పెడుతుంటే నేను నా ప్రొఫైల్ తెరవడమే మానేశా.

ఆ చిన్నతనం పోయింది ఒక శనివారం రాత్రి.

4 గంటల పని

యూరప్‌లో మందులు పంపిణీ చేసే కంపెనీ ఒకటి మా క్లయింట్. పేరు అవసరం లేదు. వాళ్ల పాత సర్వర్ లీజు నెలాఖరుతో అయిపోతోంది. కొత్తది ఇంకో డేటా సెంటర్లో సిద్ధంగా ఉంది. టేపుల మీద బ్యాకప్ తీయడం వాళ్లు ఎప్పుడో మానేశారు. రోజూ రాత్రి డేటానంతా ‘సేవ్ ఫైల్’ అనే మూటల్లో కట్టి, విండోస్ సర్వర్లోని నెట్‌వర్క్ షేర్‌లో పెడతారు. నెట్‌వర్క్ షేర్ అంటే పర్మిషన్ ఉన్న ఏ కంప్యూటర్ నుంచైనా తెరవగలిగే ఉమ్మడి ఫోల్డర్. ఊళ్లో రైతులందరూ బస్తాలు పెట్టుకునే గోడౌన్ లాంటిది.

మా పని ఏంటంటే, ఆ మూటల్ని గోడౌన్ నుంచి కొత్త సర్వర్‌కి తెచ్చి విప్పడం. ఇంకా సూటిగా చెప్పాలంటే రిస్టోర్. ప్లాన్‌లో దానికి రాసిన టైము 4 గంటలు. దాని కింది లైన్లోనే ‘పాత సర్వర్ షట్‌డౌన్, డిస్కులు చెరిపేయుట’ అని ఉంది.

మా టీమ్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. పాతికేళ్లకు పైగా ఈ మెషిన్ల మీదే పనిచేశారు. అందరం మేడమ్ అనే పిలుస్తాం. మీటింగులో ఆ లైన్ మీద వేలు పెట్టి, ‘‘ఇది ఇక్కడ ఉండకూడదు’’ అన్నారు.

‘‘ఎందుకు మేడమ్? బ్యాకప్ రిపోర్టులన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి కదా’’ అన్నాడు మేనేజర్.

‘‘గ్రీన్ అంటే ఫైల్ వెళ్లిందని బాబూ. తిరిగొస్తుందని కాదు. కొత్తదాంట్లో అన్నీ లేచి నిలబడి, లెక్కలు సరిపోయాక పాతది ఆపుదాం.’’

కాసేపు వాదన నడిచింది. ఎక్కువ రోజులు ఉంచితే లీజు డబ్బులెవరిస్తారన్నాడాయన. చివరికి షట్‌డౌన్ ఒక వారం వెనక్కి జరిగింది. ఆ వారమే మమ్మల్ని కాపాడింది.

10 అక్షరాల గేటు

మొదటి చిక్కు గోడౌన్ గేటు దగ్గరే వచ్చింది. ఐబీఎం ఐ నుంచి విండోస్ షేర్‌లోకి వెళ్లడానికి ‘క్యూఎన్‌టీసీ’ అనే దారి ఉంది. సర్వర్ పేరు, షేర్ పేరు ఇస్తే లోపలి ఫైళ్లు కనిపించాలి. మాకు ఏమీ కనిపించలేదు.

ఈ దారిలో వెళ్లేటప్పుడు, మనం ఇక్కడ ఏ యూజర్‌తో లాగిన్ అయ్యామో అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో సిస్టమ్ అవతలి తలుపు తడుతుంది. అక్కడ కూడా ఆ రెండూ అలాగే ఉండాలి. షేర్ చదవడానికి క్లయింట్ ఇచ్చిన విండోస్ అకౌంట్ పేరులో 14 అక్షరాలున్నాయి. ఐబీఎం ఐలో యూజర్ పేరు 10 అక్షరాలు దాటడానికి వీల్లేదు. అంటే ఆ పేరుతో ఇక్కడ యూజర్‌ని తయారు చేయడమే కుదరదు. రోజూ బ్యాకప్ పెట్టే అకౌంట్ ఉంది కానీ, దాన్ని పాత సర్వర్ నుంచి తప్ప వాడకూడదని వాళ్ల రూలు.

చిన్న పేరుతో కొత్త అకౌంట్ ఇవ్వగల మనిషి వాళ్ల సెక్యూరిటీ టీమ్‌లో ఒక్కడే. శనివారం సాయంత్రం కదా, ఆయన ఎక్కడున్నాడో! ఫోన్ ఎత్తి, లాప్‌టాప్ తెరిచి, అకౌంట్ ఇచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. ఆ టైములో మేం చేయగలిగింది టీ తాగడమే.

అది ముందే అనుకుని చేస్తున్న పని కాబట్టి సరిపోయింది. అదే సర్వర్ నిజంగా కూలిపోయిన రోజయితే? మూటలన్నీ భద్రంగా గోడౌన్‌లో ఉంటాయి. తాళం చెవి మాత్రం ఎక్కడో విందులో ఉన్న మనిషి జేబులో ఉంటుంది.

528తో భాగించు

రెండో చిక్కు ఇంకా పెద్దది. రెండేళ్ల లోపు ఫైళ్లు విండోస్ షేర్‌లో ఉన్నాయి. అంతకంటే పాతవాటిని అక్కడి నుంచి ఒక లైనక్స్ సర్వర్‌కి పంపి దాచారు. అలాంటివి 26 ఫైళ్లు. నేను వాటిని తేవడం మొదలుపెట్టబోతుంటే మేడమ్ ఆపారు.

‘‘ముందు వాటి సైజులన్నీ రాసుకోమ్మా. ఒక్కోదాన్నీ 528తో భాగించు.’’

‘‘ఎందుకు మేడమ్?’’

‘‘సేవ్ ఫైల్ రికార్డు 528 బైట్లు. మూటలో ఎన్ని రికార్డులున్నా మొత్తం సైజు 528తో నిశ్శేషంగా పోవాలి. శేషం మిగిలిందంటే దారిలో ఎవరో కెలికారన్నమాట.’’

ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి కూర్చున్నా. ఇంజినీరింగ్‌లో నేర్చుకున్న మ్యాథ్స్ ఏదీ కాదు, మూడో క్లాసు భాగహారం. 23 ఫైళ్లు సరిగ్గా భాగం పోయాయి. మూడు పోలేదు. మళ్లీ చేశా. మళ్లీ శేషం మిగిలింది. ఆ మూడూ ఒకే రోజు తరలించినవి.

ఏం జరిగి ఉంటుందో మేడమ్ అప్పుడు వివరించారు. ఎఫ్‌టీపీతో ఫైల్ పంపడానికి రెండు పద్ధతులున్నాయి. బైనరీ పద్ధతిలో పంపితే బైట్లు ఉన్నవి ఉన్నట్టు వెళ్తాయి. టెక్స్ట్ పద్ధతిలో పంపితే ‘ఇది మనుషులు చదివే రాత’ అనుకుని, అవతలి సిస్టమ్‌కి అర్థమయ్యేలా కొన్ని బైట్లను మారుస్తుంది. ఉదాహరణకి లైను అయిపోయిందని చెప్పడానికి విండోస్ రెండు గుర్తులు వాడుతుంది, లైనక్స్‌కి ఒకటే చాలు. అందుకని అదనంగా ఉన్నదాన్ని తీసేస్తుంది. మామూలు రాతకైతే అది మేలే. సేవ్ ఫైల్‌లో మాత్రం అలాంటి గుర్తులా కనిపించే బైట్లు అసలు డేటాలో భాగం. అవి పోతే మూట చిరిగిపోయినట్టే. విండోస్‌లో కమాండ్ కొట్టి ఎఫ్‌టీపీ వాడితే, మనం చెప్పకపోతే అది టెక్స్ట్ పద్ధతే తీసుకుంటుంది. స్క్రిప్ట్ ఆగిపోయిన రోజు ఎవరో చేత్తో పంపినట్టున్నారు. ‘బైనరీ’ అనే ఒక్క మాట కొట్టలేదు.

ఈ మెషిన్ విషయంలో భాష గొడవ ఇంకోటి కూడా ఉంది. మన ఫోన్లూ లాప్‌టాప్‌లూ ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’ అక్షరాన్ని 65 అనే అంకెగా దాచుకుంటాయి. ఐబీఎం ఐ వాడే ‘ఎబ్‌సిడిక్’ పద్ధతిలో అదే అక్షరం 193. ఒకే అక్షరానికి రెండు ఊళ్లలో రెండు పేర్లు. మధ్యలో ఎవరైనా సాయం చేద్దామని అనువాదం మొదలుపెడితే మొత్తం పాడవుతుంది.

‘‘లెక్క తేడా వచ్చిందని వదిలేయకు. ప్రయత్నించి చూడు’’ అన్నారు మేడమ్. ఆ మూడింటినీ కొత్త సర్వర్‌కి తెచ్చాం. లోపల ఏముందో చూపించమంటే సిస్టమ్ ఒప్పుకోలేదు. రిస్టోర్‌కీ అదే జవాబు.

ఫోల్డర్‌లో చూస్తే మాత్రం వాటికేం తక్కువ లేదు. పేరుంది, తేదీ ఉంది, గిగాబైట్లలో సైజుంది. రిపోర్టులో గ్రీన్ కూడా ఉంది. ఏళ్ల తరబడి ‘మా దగ్గర బ్యాకప్ ఉంది’ అని అందరూ నమ్మారు.

ఆ మూటల్లో ఏముంది?

ఉన్నది ఏ మందు, ఏ బ్యాచ్, ఏ తేదీన, ఏ షాపుకి, ఏ ఆసుపత్రికి వెళ్లిందన్న చరిత్ర. ఒక బ్యాచ్‌లో లోపం ఉందని తేలితే ఆ మందుని వెనక్కి పిలిపించాలి. ఎవరి దగ్గరుందో తెలియకపోతే ఎవరిని పిలుస్తారు? అందుకే యూరప్‌లో మందుల పంపిణీదారులు ఆ రికార్డులను కనీసం 5 ఏళ్లు భద్రపరచాలని నిబంధన ఉంది. మనకు అవి ఆకుపచ్చ అక్షరాలు. అక్కడ ఎక్కడో ఒక ఆసుపత్రిలో మందు మింగే మనిషికి అది ప్రాణం.

పాత సర్వర్ ఇంకా ఆన్‌లోనే ఉంది కాబట్టి బతికిపోయాం. ఆ మూడు లైబ్రరీలను మళ్లీ సేవ్ చేసి, బైనరీలో తెచ్చి, కొత్తదాంట్లో రిస్టోర్ చేశాం. మొదటి ప్లాన్ ప్రకారం వెళ్లుంటే అప్పటికి డిస్కులు తుడిచేసి, మెషిన్‌ని లారీ ఎక్కించేవాళ్లు. తర్వాత ఎన్ని భాగహారాలు చేసినా లాభం ఉండేది కాదు.

మిగిలింది వరస. రిస్టోర్‌లో ముందు యూజర్ ప్రొఫైళ్లు రావాలి, తర్వాత లైబ్రరీలు, ఆఖర్న ఎవరికి ఏ హక్కులున్నాయో ఆ వివరాలు. యజమాని లేకుండా ఫైల్ ముందే వచ్చేస్తే, సిస్టమ్ దాన్ని తన దగ్గరున్న ‘క్యూడీఎఫ్‌టీఓన్’ అనే డిఫాల్ట్ యజమాని పేర రాసేస్తుంది. ఊరు తెలియని పిల్లాడిని హాస్టల్లో చేర్చినట్టు. డేటా అంతా ఉంటుంది, పొద్దున ఉద్యోగి వచ్చి తెరిస్తే ‘నీకు పర్మిషన్ లేదు’ అంటుంది. మేడమ్ దగ్గర ఈ వరస మొత్తం ఒక పాత నోట్‌బుక్‌లో ఉంది. ఇప్పుడు అది టీమ్ అందరికీ తెలిసిన డాక్యుమెంట్ అయింది. టైప్ చేసింది నేనే.

4 గంటలన్న పని ఆదివారం మధ్యాహ్నానికి తేలింది. పాత సర్వర్లో ఫైలుకి ఎన్ని రికార్డులున్నాయో, కొత్తదాంట్లో ఎన్ని వచ్చాయో పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే ఇళ్లకు వెళ్లాం.

మా తాత తడి గోనెపట్టా

ఇదంతా చూశాక నాకు మా తాత గుర్తొచ్చాడు. మాది అనంతపురం వైపు. వేరుశనగ పండించేవాళ్లం. తాత విత్తనం బస్తాలు జాగ్రత్తగా దాచేవాడు. అయినా వాన పడగానే నేరుగా తీసుకెళ్లి నాటేవాడు కాదు. ముందు 100 గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టాలో చుట్టి మూలన పెట్టేవాడు. కొన్ని రోజులయ్యాక విప్పి ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టేవాడు. పైకి గింజలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది పుచ్చుదో, ఏది ప్రాణమున్నదో తడిలో పెడితేనే తెలుస్తుంది. మొలక తక్కువొస్తే వేరే విత్తనం చూసుకోవడానికి ఇంకా టైముంటుంది. నాటాక తెలిస్తే ఆ ఏడు పంట పోయినట్టే.

బ్యాకప్ అంటే దాచిన విత్తనం. రిస్టోర్ చేసి చూడటం మొలక పరీక్ష. సర్వర్లు నడిపేవాళ్లం మొదటి పని రోజూ చేస్తాం, రెండోది వాయిదా వేస్తాం.

మా ఒక్కరి కథే కాదిది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌ల కోసం వెతికితే రోజువారీ బ్యాకప్ పనే చేయడం లేదని అప్పుడు తెలిసింది. డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ తీసే టూల్ ఇంకో వెర్షన్. ‘ఫెయిలైంది’ అని చెప్పాల్సిన మెయిల్స్ కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి దొరికింది. ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది. వాళ్లు ఈ విషయాన్ని దాచకుండా మొత్తం వివరంగా బయటపెట్టారు. అందుకే మాలాంటి వాళ్లకి అది పాఠమైంది.

పిక్సార్ వాళ్ల ‘టాయ్ స్టోరీ 2’ సినిమాకీ ఇదే జరిగింది. 1998లో ఫైళ్లు చెరిగిపోయాయి, బ్యాకప్ చూస్తే సరిగా లేదు. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సస్‌మన్ అనే టెక్నికల్ డైరెక్టర్ ఇంట్లో ఉన్న కాపీ ఆదుకుంది.

మరి మన ఫోన్ల సంగతి?

సర్వర్ లేదు కదా, మనకెందుకు అనుకోకండి. కొన్ని విషయాలు ఇవాళే చూసుకోండి.

గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే మామూలుగా కెమెరాతో తీసినవి వెళ్తాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డర్‌ని మనం విడిగా ఆన్ చేయాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ ఉంటాయి. అది నిండిన రోజు నుంచి బ్యాకప్ ఆగిపోతుంది. రెండేళ్లు అసలు వాడని గూగుల్ అకౌంట్‌ని ఆ సంస్థ తొలగించవచ్చు.

వాట్సాప్ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నారా? మంచిదే. కానీ ఆ పాస్‌వర్డ్, లేదా 64 అంకెల కీ, మీరు పోగొట్టుకుంటే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు. దాన్ని ఫోన్ నోట్స్‌లో రాసుకుంటే తాళం చెవిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే. కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మా మేడమ్ వేలు పెట్టి చూపించిన ఆ లైన్. కొత్తది నిలబడేదాకా పాతదాన్ని చెరపకూడదు. ఫోన్ మార్చేటప్పుడు కొత్తదాంట్లో ఫొటోలు తెరుచుకుంటున్నాయా, చాట్లు వచ్చాయా, కాంటాక్టులున్నాయా చూసుకున్నాకే పాతది రీసెట్ చేయండి.

ఈ సోదంతా ఫోన్లో మా అమ్మకి కూడా చెప్పా. ‘సరేలేవే’ అంది. విందో లేదో అనుకున్నా. మొన్న సంక్రాంతి ముందు అనంతపురంలో ఫోన్ ఎక్స్‌చేంజ్‌కి వెళ్లింది. అమ్మ డ్వాక్రా గ్రూపు లీడర్. పొదుపు రిజిస్టర్ పేజీలు, బ్యాంకులో కట్టిన రసీదులు సభ్యులంతా వాట్సాప్‌లోనే పంపుతారు. షాపులో అబ్బాయి సిమ్ మార్చి, పాత ఫోన్ అందుకుని రీసెట్ నొక్కబోయాడట.

‘‘ఆగు నాయనా, నా రసీదులు కనపడనీ’’ అని ఫోన్ వెనక్కి లాక్కుంది. కొత్త ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ తెరిస్తే మా చెల్లెలి పెళ్లి ఫొటోలున్నాయి, రసీదులు లేవు. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది. పాత ఫోన్‌లో ఆ ఫోల్డర్ బ్యాకప్ ఆన్ చేయించి, అన్నీ ఎక్కేదాకా షాపులో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ముప్పావు గంట.

‘‘ఆ పిల్లోడు విసుక్కున్నాడే. విసుక్కుంటే విసుక్కున్నాడు, 12 మంది ఆడోళ్లకి లెక్క చెప్పాల్సింది నేను కదా’’ అంది.